నక్షత్రం గుర్తు పార్టీ: ఆ స్వేచ్ఛ మన గూడెం దాకా ఎందుకు రాలేదు?



మన కుర్రోళ్ళు ఎక్కడ కలిసినా రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ఒకటి, "మన భూమిని మనకి నచ్చినోళ్ళకి అమ్ముకునే స్వేచ్ఛ మనకెందుకు లేదు? 1/70 చట్టం మనల్ని కాపాడుతోందా, కట్టేస్తోందా?" రెండోది, "మనకంటూ ఒక సొంత పార్టీ ఉంటే బాగుండేది కదా?" ఈ రెండూ వేరు వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి. కానీ రెండిటి గురించీ ఎంతో కొంత చెప్పగలిగే పాత కథ ఒకటి ఉంది. అది స్వతంత్ర పార్టీ కథ. 1959లో పుట్టి, 1967లో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమై, 1974లో పేరు కూడా మిగలకుండా ఇంకో పార్టీలో కలిసిపోయింది. మొత్తం 15 ఏళ్ళ జీవితం.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ పార్టీకి ఒక్క లైను ఇస్తారు: "స్థాపకుడు రాజాజీ, మొదటి అధ్యక్షుడు ఎన్.జి. రంగా." టిక్కు పెట్టి ముందుకెళ్ళిపోతాం. కానీ ఈ పార్టీ ఒకప్పుడు మన పార్వతీపురం ఎస్టీ రిజర్వుడు లోక్‌సభ స్థానాన్ని గెలిచింది. అందుకే దీన్ని మన వైపు నుంచి ఒకసారి చదువుదాం.

పార్టీ ఎందుకు పుట్టింది

1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అక్కడ ఒక తీర్మానం చేశారు. భూమికి గరిష్ఠ పరిమితి, అంటే సీలింగు, పెట్టాలన్నారు. ముందు ముందు రైతులు తమ భూములు కలిపి ఉమ్మడి సహకార సాగు చెయ్యాలన్నారు. యాజమాన్య హక్కు రైతుదే ఉంటుంది, కానీ సాగు మాత్రం కలిపి. కాగితం మీద ఇది ఎవరి భూమినీ లాక్కోవడం కాదు. అయినా పట్టా ఉన్న రైతుకి గుండె గుభేల్‌మంది. ఇవాళ కలపమంటారు, రేపు నీది కాదంటారు అనే భయం మొదలైంది.

ఆ భయానికి గొంతు ఇచ్చినవాళ్ళలో ముందున్నది ఆచార్య ఎన్.జి. రంగా. గుంటూరు జిల్లా నిడుబ్రోలు ఆయన ఊరు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చి, 1930లలో జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమాన్ని నడిపారు. నాగపూర్ తీర్మానంతో విభేదించి కాంగ్రెస్ నుంచి బయటికొచ్చారు. ఇంకోవైపు చక్రవర్తుల రాజగోపాలాచారి, మనందరికీ తెలిసిన రాజాజీ. స్వతంత్ర భారతానికి గవర్నర్ జనరల్‌గా, మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన మనిషి. అప్పటికి ఆయన వయసు 80. ఆ వయసులో తాను జీవితమంతా ఉన్న పార్టీకి ఎదురు తిరిగి కొత్త పార్టీ పెట్టారు.

1959 జూన్ 4న మద్రాసులో పార్టీని ప్రకటించారు. ఆగస్టు మొదట్లో బొంబాయిలో సన్నాహక సభ జరిగింది. రంగా అధ్యక్షుడు, బొంబాయికి చెందిన మినూ మసానీ ప్రధాన కార్యదర్శి. మసానీ ఒకప్పుడు సోషలిస్టు, తర్వాత ఆ దారి వదిలి స్వేచ్ఛా వ్యాపారం వైపు వచ్చినవారు. కె.ఎం. మున్షీ, సంస్థానాల విలీనంలో పటేల్‌కి కుడిభుజంగా పనిచేసిన వి.పి. మీనన్ కూడా చేరారు. ఎన్నికల గుర్తు నక్షత్రం.

వాళ్ళ సిద్ధాంతం తేలిక మాటల్లో ఇదీ: మనిషికి వీలైనంత ఎక్కువ స్వేచ్ఛ, ప్రభుత్వానికి వీలైనంత తక్కువ జోక్యం. భూమి దున్నేవాడు తన భూమికి తనే యజమానిగా ఉండాలి. వ్యాపారం చేసుకోవడానికి ఢిల్లీ చుట్టూ తిరగాల్సిన పని ఉండకూడదు. లైసెన్సులు, పర్మిట్లు, కోటాలతో నడిచే పాలనకి రాజాజీ "పర్మిట్ లైసెన్స్ రాజ్" అని పేరు పెట్టారు. ఆ పేరు పార్టీ కంటే ఎక్కువ కాలం బతికింది. ఇంకో విశేషం ఉంది. పార్టీ మూల సూత్రాలకి సంబంధం లేని విషయాల్లో సభ్యులు ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పుకోవచ్చు, ఓటు వెయ్యొచ్చు అన్నారు. ఇప్పటి పార్టీల్లో విప్ ధిక్కరిస్తే పదవే పోతుంది. ఆ లెక్కన చూస్తే ఇది నిజంగానే పెద్ద మాట.

అదే ఏడాది, మన వైపు

ఇప్పుడు క్యాలెండర్‌లో మూడు నెలలు వెనక్కి వెళ్దాం. 1959 మార్చి 4న ఆంధ్ర ప్రాంతంలోని షెడ్యూల్డ్ ఏరియాల్లో ఒక రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. భూ బదలాయింపు రెగ్యులేషన్, 1959లో 1వ నంబరు. గిరిజనుడి భూమిని గిరిజనేతరుడికి అమ్మడం, తనఖా పెట్టడం, రాసివ్వడం ముందస్తు అనుమతి లేకుండా చెల్లదని అది చెప్పింది. 1917 నుంచి మద్రాసు ఏజెన్సీలో ఉన్న చట్టానికి ఇది కొత్త రూపం. 1963 డిసెంబరు 1 నుంచి తెలంగాణ షెడ్యూల్డ్ ఏరియాలకి కూడా వర్తింపజేశారు.

చూడండి, మార్చిలో మనకి వచ్చిన చట్టం "భూమి బేరానికి కట్టడి ఉండాలి" అంటోంది. జూన్‌లో పుట్టిన పార్టీ "భూమి మీద ప్రభుత్వ కట్టడి ఉండకూడదు" అంటోంది. రెండూ భూమిని కాపాడే మాటలే. కానీ ఎవరి నుంచి ఎవరి భూమిని?

కృష్ణా డెల్టా రైతుకి భయం సర్కారు నుంచి. మన కొండ రైతుకి భయం రెండు వైపుల నుంచి. అప్పిచ్చి, ఉప్పూ బట్టా అరువిచ్చి, చివరికి వేలిముద్ర తీసుకునే షావుకారు ఒకవైపు. "ఇది రిజర్వు ఫారెస్టు, పోడు కొట్టొద్దు" అనే ఫారెస్టు గార్డు ఇంకోవైపు.

ఇంకా లోతుకి వెళ్తే, రంగా గారి ఉద్యమానికి కేంద్రం పట్టా ఉన్న రైతు. 1959 నాటికి మనోళ్ళలో ఎంతమందికి పట్టా ఉండేది? మైదానంలో జమీందారీలని 1948 చట్టంతో రద్దు చేశారు. మన ఏజెన్సీలో ముఠాదారీ పద్ధతిని రద్దు చేసి రైత్వారీగా మార్చే రెగ్యులేషన్ 1969లో గానీ రాలేదు. అంటే పార్టీ పుట్టిన పదేళ్ళకి. తాతల నాటి నుంచి దున్నుతున్నా కాగితం లేని మనిషికి ఆస్తి హక్కు అనే మాట ఎక్కడ అంటుతుంది? కొండపోడుకి కాగితం అడిగే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంతో గానీ మనకి రాలేదు.

ఎదుగుదల

1962 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో 18 స్థానాలు గెలిచింది. ఓట్లు 7.89 శాతం. మూడేళ్ళు నిండని పార్టీకి ఇది చిన్న విషయం కాదు. రంగా మాత్రం ఓడిపోయారు. అదే ఏడాది చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకి వెళ్ళారు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో పార్టీకి 19 స్థానాలు వచ్చాయి.

ఈ ఓట్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇక్కడే పార్టీ బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. రాజస్థాన్‌లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి దాదాపు రెండున్నర లక్షల ఓట్లలో 1,92,909 ఓట్లు తెచ్చుకుని గెలిచారు. బిహార్‌లో రామ్‌గఢ్ రాజా కామాఖ్య నారాయణ్ సింగ్ తన జనాన్నంతా తీసుకుని చేరారు, అసెంబ్లీలో 50 స్థానాలు వచ్చేశాయి. ఒరిస్సాలో సంస్థానాధీశుల పార్టీ అయిన గణతంత్ర పరిషత్ మొత్తంగా వచ్చి ఇందులో కలిసిపోయింది. బలాంగీర్, కలహండి లాంటి పశ్చిమ ఒరిస్సా కొండ ప్రాంతాలు దాని కోట. అక్కడ ఓటేసినవాళ్ళలో ఆదివాసీలు కూడా పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. వాళ్ళు మినూ మసానీ ఆర్థిక సిద్ధాంతం చదివి ఓటేశారని ఎవరూ అనరు. రాజుగారు చెప్పారు, వేశారు.

జమీందారీకి వ్యతిరేకంగా పోరాడిన రంగా గారు, రాజులూ మహారాజులూ ఒకే పార్టీలో కూర్చున్నారన్నమాట. వాళ్ళని కలిపింది ఒకటే, కాంగ్రెస్ సర్కారు ఆస్తి జోలికి వస్తోందన్న కోపం. కోపం మీద పార్టీ పెట్టొచ్చు, గెలవొచ్చు కూడా. ఎంత కాలం నిలబడుతుందన్నది వేరే ప్రశ్న.

పార్లమెంటులో మాత్రం గట్టిగా పనిచేశారు. 1964లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ రైత్వారీ భూముల్ని కూడా "ఎస్టేట్" అనే మాట కిందకి తెచ్చింది. అంటే వాటిని తీసుకునే చట్టాల్ని కోర్టులో సవాలు చెయ్యడం కష్టమవుతుంది. రంగా, స్వతంత్ర సభ్యులు దీన్ని ఊరూరా తిరిగి వ్యతిరేకించారు. సవరణ ఆగలేదు. కానీ అదే సవరణలో ఒక షరతు చేరింది: సీలింగు లోపల సొంత సాగులో ఉన్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకి తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. సన్నకారు రైతుకి ఇది మంచి రక్షణ.

1967కి వచ్చేసరికి పార్టీ శిఖరానికి చేరింది. లోక్‌సభలో 44 స్థానాలు, 8.67 శాతం ఓట్లు. జనసంఘ్‌కి 35 స్థానాలే. గుజరాత్ అసెంబ్లీలో 66, రాజస్థాన్‌లో 48, ఒరిస్సాలో 49. మద్రాసులో డి.ఎం.కె.తో పొత్తు పెట్టుకుని 20. ఒరిస్సాలో ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు. మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 29 స్థానాలతో కమ్యూనిస్టుల కంటే పెద్ద ప్రతిపక్షం. దాని ముందు నిలిచినవారు సర్దార్ గౌతు లచ్చన్న. సోంపేట దగ్గర బారువ ఆయన ఊరు. గీత కార్మికుల కులం నుంచి వచ్చి బీసీల కోసం, రైతుల కోసం పోరాడిన మనిషి. కాబట్టి "అది రాజుల పార్టీ" అని ఒక్క మాటలో కొట్టేస్తే ఆంధ్రలో జరిగిన చరిత్రకి అన్యాయం చేసినట్టే.

1967: పార్వతీపురం

ఆంధ్రప్రదేశ్‌లో 1967లో పార్టీకి మూడు లోక్‌సభ స్థానాలు దక్కాయి. ఒకటి కర్నూలు. మిగతా రెండూ అప్పటి శ్రీకాకుళం జిల్లావే: శ్రీకాకుళం, పార్వతీపురం. ఎస్టీలకు రిజర్వు చేసిన పార్వతీపురంలో స్వతంత్ర అభ్యర్థి విశ్వాసరాయి నరసింహారావు గెలిచారు. శ్రీకాకుళం నుంచి ఆ సభలో రంగా గారు కూర్చున్నారు.

అదే ఏడాది అక్టోబరు 31న ఏం జరిగిందో మనలో చాలామందికి తెలుసు. మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకి వెళ్తున్న మనవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత నిందితుల్ని కోర్టు వదిలేసింది. 1968 చివరికల్లా ఆ కొండల్లో సాయుధ పోరాటం మొదలైంది. దాన్ని నడిపించిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో పోలీసుల చేతిలో చనిపోయారు. ఆ పోరాటం మీద మనలో భిన్నమైన అభిప్రాయాలున్నాయి. అవి ఇక్కడ తేల్చేవి కావు. కానీ దానికి మూలం భూమి, అప్పు, వెట్టి అన్నది సర్కారు కూడా కాదనలేదు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. వ్యక్తి స్వేచ్ఛ తన మొదటి సూత్రం అని చెప్పిన పార్టీకి ఆ రోజుల్లో ఆ కొండల నుంచి పార్లమెంటులో ప్రాతినిధ్యం ఉంది. అప్పు తీరేదాకా షావుకారు పొలంలో వెట్టి చేసేవాడి కంటే స్వేచ్ఛ లేని వ్యక్తి ఎవరుంటారు? తునికాకు, అడ్డాకు, చింతపండు, కలప అన్నిటికీ ఎవరో ఒకరి చీటీ కావాల్సిన మనిషి కంటే ఎక్కువగా పర్మిట్ రాజ్ కింద నలిగినవాడు ఎవరుంటారు? లైసెన్సు దొరక్క ఫ్యాక్టరీ పెట్టలేకపోయిన సేటుకి 1950లలో తెలిసిన బాధ, 1882 మద్రాసు అటవీ చట్టం నాటి నుంచే మనోళ్ళకి తెలుసు. 1879 రంప పితూరీలో కల్లు మీద పన్ను ఒక కారణం కాదా? జోడేఘాట్‌లో కొమరం భీం అడిగింది అడవి మీద హక్కే కదా?

అంటే రాజాజీ చెప్పిన మాటకి నిజమైన శ్రోతలు అడవిలో ఉన్నారు. కానీ ఆ పార్టీ నిలబడ్డ నేల వేరు. పట్టా ఉన్న రైతు, మిల్లు ఉన్న వ్యాపారి, సంస్థానం పోయిన రాజు, వీళ్ళ దగ్గర స్వేచ్ఛకి స్పష్టమైన రూపం ఉంది. వాళ్ళకి ఉన్నదాన్ని సర్కారు ముట్టుకోకూడదు, అంతే. ఏమీ లేనివాడికి స్వేచ్ఛ ఏ రూపంలో వస్తుందన్న ప్రశ్న ఆ పార్టీ రాజకీయానికి కేంద్రం కాలేదు.

ఒక వారం తేడాలో రెండు ఘట్టాలు

1970 ఫిబ్రవరి 3న 1/70 రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. 1959 నాటి దాన్ని ఇది బాగా బిగించింది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని గిరిజనులకి తప్ప ఎవరికి బదలాయించినా చెల్లదంది. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా సరే చెల్లదు. అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే విధంగా రుజువు కానంతవరకు, గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలంది.

సరిగ్గా వారం తర్వాత, ఫిబ్రవరి 10న, బ్యాంకుల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1969లో ఇందిరాగాంధీ ప్రభుత్వం 14 బ్యాంకుల్ని జాతీయం చేస్తే, దాన్ని సవాలు చేసిన ఆర్.సి. కూపర్ స్వతంత్ర పార్టీ నాయకుడే. ఆ చట్టం చెల్లదని, పరిహారం సరిగా లేదని కోర్టు కొట్టేసింది. సర్కారు మళ్ళీ కొత్త చట్టం తెచ్చుకుందనుకోండి.

ఒకే నెలలో ఆస్తి హక్కుకి రెండు ముఖాలు. ఒకచోట ఆ హక్కు పెద్ద బ్యాంకుల వాటాదార్లని కాపాడింది. ఇంకోచోట ఆ హక్కుని తగ్గిస్తేనే గిరిజనుడి భూమి నిలిచింది. రాజ్యాంగం రాసినవాళ్ళకి ఈ తేడా ముందే తెలుసు. ఆస్తిని సంపాదించుకునే, అమ్ముకునే హక్కుని 19వ అధికరణంలో ప్రాథమిక హక్కుగా పెడుతూనే, అదే అధికరణం 5వ క్లాజులో షెడ్యూల్డు తెగల ప్రయోజనాల రక్షణ కోసం దానికి పరిమితులు పెట్టొచ్చని రాశారు. 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1/70ని సమర్థించింది.

ఒరిస్సా నుంచి ఇంకో ఉదాహరణ. స్వతంత్ర పార్టీ ముఖ్యమంత్రి ఉన్న ప్రభుత్వమే 1967లో మత మార్పిడుల్ని నియంత్రించే చట్టం తెచ్చింది. బలవంతం, మోసం, ప్రలోభంతో మతం మారిస్తే శిక్ష. మారినవాళ్ళు మైనర్లు, మహిళలు, ఎస్సీ ఎస్టీలు అయితే రెట్టింపు శిక్ష. మతం సంగతి పక్కన పెడదాం, మనలో అన్ని రకాల నమ్మకాలవాళ్ళూ ఉన్నాం. ఆలోచించాల్సింది ఒకటే. ఆస్తి విషయంలో సర్కారు జోక్యం వద్దన్న పార్టీ, ఆదివాసీ మనస్సాక్షి విషయానికొచ్చేసరికి సర్కారు కాపలా కావాలంది. ఎవరిని పెద్దవాళ్ళుగా చూస్తున్నారు, ఎవరిని పిల్లల్లా చూస్తున్నారు అన్నది అక్కడ తెలుస్తుంది.

ఎలా కూలింది

1971 ఎన్నికల్లో పార్టీ లోక్‌సభ బలం 44 నుంచి 8కి పడిపోయింది. ఓట్లు 3.07 శాతం. 1972లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో మిగిలింది రెండే స్థానాలు. ఇంత తొందరగా ఎలా? మాకు అర్థమైనంతలో కారణాలు ఇవి.

మొదటిది, భయం తీరిపోయింది. ఉమ్మడి సహకార సాగు దేశంలో ఎక్కడా పెద్దగా అమలు కాలేదు. 1965లో వ్యవసాయ ధరల కమిషన్, భారత ఆహార సంస్థ వచ్చాయి. ఆ వెనకే హరిత విప్లవం. డెల్టా రైతుకి సర్కారు ఇప్పుడు భూమి లాక్కునేవాడు కాదు. మద్దతు ధర, ఎరువుల సబ్సిడీ, కరెంటు ఇచ్చేవాడు. ప్రభుత్వం తగ్గాలి అన్న నినాదం కంటే ప్రభుత్వం నుంచి ఇంకా కావాలి అన్న కోరిక బలపడింది.

రెండోది, అరువు బలం. రాజా వస్తే వచ్చిన ఓట్లు, రాజా వెళ్తే వెళ్ళిపోయాయి. రామ్‌గఢ్ రాజా పార్టీని వదిలాక, 1962లో బిహార్‌లో ఉన్న 50 స్థానాలు 1967లో మూడుకి దిగాయి. ఊళ్ళో పార్టీ కమిటీ, విద్యార్థి సంఘం, కూలీ సంఘం లాంటి వేళ్ళు ఉంటే పెద్ద మనిషి పోయినా చెట్టు నిలుస్తుంది. ఆ వేళ్ళు చాలాచోట్ల లేవు.

మూడోది, డబ్బు. స్వేచ్ఛా వ్యాపారం కోసం మాట్లాడిన పార్టీకి వ్యాపారులే మనసారా ఇవ్వలేదు. లైసెన్సు ఇచ్చే చెయ్యి కాంగ్రెస్‌ది, కాబట్టి చందాల్లో పెద్ద వాటా కూడా దానికే. 1969లో కంపెనీలు పార్టీలకి చందాలివ్వడాన్నే నిషేధించారు.

నాలుగోది, పొత్తులు. 1971లో పాత కాంగ్రెస్, జనసంఘ్, సంయుక్త సోషలిస్టులతో కలిసి మహా కూటమి కట్టారు. జాతీయకరణ కావాలనే సోషలిస్టులు, వద్దనే స్వతంత్రులు ఒకే వేదిక మీద. కలిపింది ఇందిరను దించాలన్న కోరిక ఒక్కటే. ఆమె మాత్రం "గరీబీ హటావో" అన్నారు. పేదవాడికి ఏ మాట దగ్గరగా వినిపిస్తుంది? ఆ నినాదం పేదరికాన్ని పోగొట్టిందా లేదా అన్నది వేరే లెక్క. కానీ కనీసం పేదవాడితో మాట్లాడింది.

ఐదోది, వయసు. 1972 డిసెంబరు 25న రాజాజీ 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. 1971 ఓటమి తర్వాత మసానీ నాయకత్వం నుంచి తప్పుకున్నారు. రంగా గారు తిరిగి కాంగ్రెస్‌లో చేరిపోయారు. తర్వాత పార్టీని నడిపిన పీలూ మోదీ 1974లో చరణ్ సింగ్ తదితరులతో కలిసి దాన్ని భారతీయ లోక్‌దళ్‌లో కలిపేశారు. అది 1977లో జనతా పార్టీలో కలిసింది. విచిత్రం ఏంటంటే, ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది. స్వతంత్ర పార్టీ దేని కోసం పుట్టిందో, దాని వారసులున్న ప్రభుత్వం దాన్నే తీసేసింది.

పోల్చుకోవడానికి మన వైపు కథ ఒకటి. 1928 ఒలింపిక్స్ హాకీ కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా నడిపిన జార్ఖండ్ పార్టీ 1952లో బిహార్ అసెంబ్లీలో 32 స్థానాలు గెలిచింది. 1963లో ఆయన దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. పార్టీ పోయింది, కానీ జార్ఖండ్ డిమాండ్ పోలేదు. ఎందుకంటే అది ఊళ్ళలో, జాతరల్లో, జనం నోళ్ళలో ఉంది. 2000లో రాష్ట్రం వచ్చింది. స్వతంత్ర పార్టీ పోయాక దాని కోసం ఏ ఊరూ రోడ్డెక్కలేదు. రెండు పార్టీలకీ తేడా అదే.

మనకి మిగిలింది

1991లో మన తెలుగువాడు పి.వి. నరసింహారావు ప్రధానిగా లైసెన్సుల రాజ్యాన్ని చాలావరకు విప్పేశారు. స్వతంత్ర పార్టీ అడిగింది ఆ పార్టీ లేకుండానే, అది జీవితమంతా ఎదిరించిన కాంగ్రెస్ చేతుల మీదుగానే జరిగింది. 1972లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా భూ సీలింగు తెచ్చినవారు కూడా ఈ పి.వి.నే.

ఆ కొత్త స్వేచ్ఛ మన కొండలకి గనుల లీజుల రూపంలో వచ్చింది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం లీజుల మీద సమత సంస్థ కోర్టుకెళ్ళింది. 1997 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది: 1/70 ప్రకారం ప్రభుత్వం కూడా ఒక "వ్యక్తే". షెడ్యూల్డ్ ఏరియాలో భూమిని ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి దానికీ అధికారం లేదు.

ఈ తీర్పులో రెండు మాటలున్నాయి. భూమి మార్కెట్‌కి కట్టడి కావాలన్నది ఒకటి, సర్కారుకీ కట్టడి కావాలన్నది రెండోది. మొదటిది స్వతంత్ర పార్టీకి నచ్చే మాట కాదు. రెండోది మాత్రం ఆ పార్టీ జీవితమంతా చెప్పిన మాట. మనకి రెండూ కావాలి. హిరాకుడ్, మాచ్‌ఖండ్ నుంచి పోలవరం దాకా మనోళ్ళ భూమిని ముంచింది ప్రభుత్వాలే. 1955 సవరణతో పరిహారం చాలదని కోర్టుకి వెళ్ళే దారి మూసుకుపోయినప్పుడు, రాజుల కంటే ఎక్కువ నష్టపోయింది నిర్వాసిత గూడేలు. ఆస్తి హక్కు ధనవంతుడి హక్కు మాత్రమే అనుకోవడం కూడా పొరపాటే. రెండెకరాలవాడికి ఆ రెండెకరాలే సర్వస్వం.

కాబట్టి 1/70 గురించి మాట్లాడేటప్పుడు "స్వేచ్ఛ" అన్న మాట ఎవరైనా వాడితే మనం ఒక్క ప్రశ్న అడగాలి: అమ్ముకునే స్వేచ్ఛ వచ్చిన పదేళ్ళకి భూమి ఎవరి చేతిలో ఉంటుంది? బ్యాంకు లోను రాకపోవడం నిజమైన ఇబ్బందే. దానికి మందు లోను ఇచ్చే పద్ధతి మార్చడం. భూమికి ఉన్న కంచె తీసెయ్యడం దానికి మందు కాదు.

సొంత పార్టీ కావాలనేవాళ్ళకి కూడా ఈ కథలో సమాధానం ఉంది. మంచి సిద్ధాంతం, గొప్ప నాయకులు, 44 మంది ఎంపీలు, ఇవన్నీ ఉన్న పార్టీ ఏడేళ్ళలో మాయమైంది. ముందు గ్రామసభలో కూర్చోవడం నేర్చుకుందాం. పీసా చట్టం 1996లోనే ఆ తలుపు తెరిచింది. గ్రామసభ తీర్మానం రాయగలిగిన పదిమంది కుర్రాళ్ళు ప్రతి పంచాయతీలో ఉంటే, పార్టీ పెట్టినా పెట్టకపోయినా మన మాట నిలుస్తుంది. వాళ్ళు లేకుండా జెండా కుట్టిస్తే అది కూడా పోటీ పరీక్షలో ఒక బిట్టు ప్రశ్నగా మిగులుతుంది.

పార్వతీపురం, సాలూరు, కురుపాం, సీతంపేట వైపు మిత్రులు మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని ఒకసారి అడగండి. నక్షత్రం గుర్తు గుర్తుందా, ఎవరు చెప్తే ఓటేశారు, ఏం ఆశించారు? ఆ తరం ఇంకా ఎన్నాళ్ళో ఉండదు. వాళ్ళు చెప్పింది రాసి పెట్టండి. మన చరిత్ర ఎక్కువగా ఆ నోళ్ళలోనే ఉంది.

జోహార్.